కాకిలాంటి కోడి

నేను ఒక బొమ్మల కట్టను. అరచేతిలో పట్టే అట్టలు అరవై, ప్రతి అట్ట మూలన ఒక చిల్లు, ఆ చిల్లుల్లోంచి దూర్చిన ఒక ఇనుప రింగు. ఇంతే నా శరీరం. అట్టకు ముందువైపు బొమ్మ, వెనకవైపు దాని పేరు. మీ పిల్లల బడిలో నాలాంటివి ఉండే ఉంటాయి. అయితే నన్ను చూసి పేర్లు చెప్పినవాళ్లు పిల్లలు కారు. ఆపరేషన్ బల్ల మీద, తల తెరిచి ఉండగా, మెలకువతో నా వైపు చూస్తూ "ఇది గొడుగు, ఇది తాళం" అని చెప్పిన పెద్దవాళ్లు.

భయపడకండి. మెదడుకు నొప్పి తెలియదట. పైన చర్మానికి మత్తు ఇస్తే చాలునట. మాట పుట్టే చోటుకు దగ్గరగా కణితి ఉన్నప్పుడు మనిషిని నిద్రపుచ్చి తీస్తే, కణితితోపాటు మాట కూడా పోవచ్చు. అందుకని మనిషిని మేలుకొలిపి మాట్లాడిస్తూ తీస్తారు. పై నుంచి డాక్టరు మెదడు మీద ఒక చోట సన్నని కరెంటు తగిలిస్తాడు. కింద, గుడ్డల పందిరిలో, ఇంకొక డాక్టరు నాలోంచి ఒక బొమ్మ చూపిస్తుంది. పేరు చెబితే ఆ చోటు తీయవచ్చు. చెప్పలేకపోతే అక్కడ ఆగాలి.

కింద కూర్చున్న ఆ డాక్టరు పేరు హైమవతి. ఆమె కోసమే నేను పుట్టాను. నరాల శస్త్రచికిత్స చదువు మొత్తం పూర్తి చేసి, ఆపైన మెదడు కణితులు తీయడం ఒక్కటే రెండేళ్లు నేర్చుకోవడానికి విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో చేరింది. దానిని ఫెలోషిప్ అంటారు. ముప్పై నాలుగేళ్ల వయసులో మళ్లీ మొదటి బెంచీ. అంత వయసొచ్చాక కూడా తెలియదని ఒప్పుకుని ఒకరి ముందు కూర్చోగలగడం మనుషుల్లో నాకు నచ్చిన గుణం.

నేర్పే డాక్టరు రుద్రరాజు గారు. చేరిన రోజే ఆయన చెప్పాడు: "ఆరు నెలలు కత్తి ముట్టుకోకమ్మా. మొహం దగ్గర కూర్చో. నేను మెదడు చూస్తాను, నువ్వు మనిషిని చూడు."

నేను పుట్టకముందు ఆ ఆసుపత్రిలో పై దేశం నుంచి తెప్పించిన బొమ్మలు ఉండేవి. మొదటి నెలలో హైమవతి వాటిని మైలపల్లి ఎర్రయ్య అనే జాలరికి చూపించింది. ఆపరేషన్‌కు ముందురోజు అన్ని బొమ్మలూ చూపించి, చెప్పలేనివి పక్కన పెట్టడం పద్ధతి. ఎర్రయ్య ఒక్క బొమ్మ దగ్గర ఆగాడు. నెత్తిన టోపీ పెట్టుకున్నట్టుండే ఒక కాయ. హైమవతికి జాలి వేసింది. "ఓక్ చెట్టు కాయ ఇది, ఎర్రయ్యా" అని చెప్పింది. "ఓకు కాయ" అన్నాడతను. ఆమె టిక్కు పెట్టింది.

మర్నాడు బల్ల మీద ఆ కాయ వచ్చింది. ఎర్రయ్య నోరు తెరవలేదు. పైన రుద్రరాజు గారు ఆగిపోయాడు. ఆ చోటు వదిలేశారు. కణితిలో కొంత మిగిలిపోయింది.

మూడో రోజు వార్డులో హైమవతి అదే బొమ్మ పట్టుకెళ్లి అడిగింది.

"సిగ్గేసింది డాట్రమ్మా," అన్నాడు ఎర్రయ్య. "నిన్న గాక మొన్న నువ్వే సెప్పినావు. మర్సిపోనానంటే ఏటనుకుంటావో అని నోరు మూసుకున్నాను. మా సముద్రంలో నేని కాయ, మా తోటలో నేని కాయ, ఎలా గుర్తుంటాది సెప్పు?"

ఆమె రాజుగారి దగ్గరకు వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన కోప్పడలేదు. "మనం పెట్టవలసింది పరీక్షమ్మా. నువ్వు పాఠం చెప్పేశావు," అన్నాడు. ఫెలోషిప్ చేసేవాళ్లు ప్రతి ఆపరేషన్ గురించీ రాసుకునే పుస్తకం ఒకటి ఉంటుంది. అందులో ఆమె ఇలా రాసింది: "కణితి కొంత మిగిలింది. కారణం నేను." సంతకం పెడుతూ ఆయన "నేను" కొట్టేసి "బొమ్మ" అని దిద్దాడు. ఆమె ఆ దిద్దుబాటును నమ్మలేదు. ఆ ఏడు వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ సముద్రంలోకి దిగేనాటికి ఎర్రయ్య లేడు. మిగిలిన ముక్క ఒక్కటే కారణమని చెప్పలేమని రాజుగారు అన్నాడు. అదీ ఆమె నమ్మలేదు.

అప్పటినుంచి రెండు మార్పులు వచ్చాయి. ఒకటి, రోగి ప్రతి బొమ్మకూ ముందు "ఇది" అనాలి. పేరు తెలియకపోతే "ఇది తెలీదు" అనాలి. మౌనంగా మాత్రం ఉండకూడదు. రెండోది నేను.

విజయనగరంలో తనకు డ్రాయింగ్ నేర్పిన దాలినాయుడు మాస్టారి దగ్గరకు హైమవతి వెళ్లింది. ఆయన భార్య సుభద్ర మున్సిపల్ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి టీచరు. మాస్టారు తొంభై బొమ్మలు గీశాడు. చేట, రోకలి, నిచ్చెన, పడవ, దువ్వెన, తాళం. సుభద్ర వాటిని తన తరగతికి తీసుకెళ్లింది. ముప్పై రెండు మంది పిల్లల్ని ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి చూపించింది. ఒక్కరు వేరే పేరు చెప్పినా ఆ బొమ్మ తీసెయ్యాలి, అదీ ఆమె పెట్టిన నియమం. సగం మంది బకెట్టనీ, సగం మంది బాల్చీ అనీ అన్న బొమ్మ పోయింది. అలా చాలా పోయాయి.

కోడి బొమ్మ దగ్గర తులసి అనే పిల్ల "కాకి టీచర్" అంది.

ఆ రోజు మాస్టారు కూడా వరండాలో ఉన్నాడు. "సరిగ్గా చూడు తల్లీ. కొక్కొరొకో..." అన్నాడు.

"మీరు అందించకండి," అంది సుభద్ర. "అందిస్తే పిల్ల నేర్చుకుంటుంది. పిల్లకి ఏం తెలుసో మనకి తెలీకుండా పోతుంది." తర్వాత అట్ట తన చేతిలోకి తీసుకుని చూసింది. "అయినా ఇదేం కోడండీ? ఎండకి మాడిన కాకిలా ఉంది."

"తోక చూడు."

"తోక చూసే అన్నాను."

"ముప్పై రెండు మందిలో ముప్పై ఒక్కమంది కోడి అన్నారు. పాసు మార్కులు రాలేదా ఏమిటి?"

ఆమె నవ్వింది. నియమం ప్రకారం ఆ అట్ట పోవాలి. ఆమె మాత్రం వెనక్కి తిప్పి, గుండ్రని అక్షరాలతో "కోడి" అని రాసింది. అది నా అరవయ్యో అట్ట. అన్నింటి ముందువైపు ఆయన గీత, వెనకవైపు ఆమె దస్తూరీ. స్పిరిట్‌తో తుడిచినా చెరగకుండా లామినేషన్ చేయించి ఇద్దరూ నన్ను విశాఖపట్నం బస్సెక్కించారు.

థియేటర్‌లో కరుణ సిస్టర్ అన్నీ లెక్కపెట్టేది. కుట్లు వేయకముందు దూది ముక్కలు, సూదులు, పరికరాలు అన్నీ సరిపోవాలి. నేను తల లోపలికి వెళ్లే వస్తువును కాకపోయినా నన్నూ వదల్లేదు, నా రింగుకు అరవై అని రాసిన చీటీ కట్టింది. "బొమ్మలు అరవై. లెక్క సరిపోయింది," అని గట్టిగా చెప్పేది. ఆ మాట విన్నాకే నన్ను సొరుగులో పెట్టేవారు.

ఏడాదిన్నరలో చాలామందిని చూశాను. ఒక బస్సు కండక్టరు తాళం బొమ్మ చూసి, అది తన ట్రంకు పెట్టె తాళమేనని వాదించాడు. ఎండుచేపలమ్మే ఒకామె చేట చూసి "ఇది చేట, దీనికి అంచు కట్టు బాగునేదు" అంది. కోడిని చాలామంది కోడే అన్నారు. ముందురోజు కాకి అన్నవాళ్ల కోసం హైమవతి ఆ అట్టను రింగులోంచి తీసి పక్కన పెట్టేది. ఆమె ఇప్పుడు ఎవరికీ అందించడం లేదు. ఈలోగా పైన, ఆపరేషన్ చేసే మైక్రోస్కోప్ దగ్గరకు వెళ్లింది. మొదట కుట్లు, తర్వాత ఎముక, తర్వాత కణితి అంచులు. కణితికీ మెదడుకీ మధ్య గీత ఉండదనీ, చెయ్యి ఆపడం నేర్చుకోవడానికే రెండేళ్లు పెట్టారనీ ఒకసారి కరుణ సిస్టర్‌తో అంది.

శిక్షణ రెండో ఏడు ఫిబ్రవరిలో సుభద్ర టీచరు తరగతిలో హాజరు పిలుస్తూ ఒక పేరు దగ్గర ఆగిపోయింది. పేరు కళ్ల ముందు రాసి ఉంది, నోటికి రాలేదు. పిల్లలే అందించారు. నాలుగు రోజులకు ఫిట్స్ వచ్చాయి. స్కానింగ్ తీస్తే ఎడమవైపు, మాట పుట్టే చోటును ఆనుకుని కణితి.

రాజుగారి గదిలో ఆ దంపతులు కూర్చున్నప్పుడు నేను బల్ల మీదే ఉన్నాను. ఆయన దాచకుండా చెప్పాడు. అంతా తీయగలిగితే నాలుగైదేళ్లు ఆశించవచ్చు. మాట ఉన్న చోట కొంత వదిలేస్తే రెండేళ్లు, అదీ ఖాయం కాదు. అంతా తీస్తే మాట పోవచ్చు.

"మాట ఉంచండి," అంది సుభద్ర. ఆలోచించుకుని వచ్చినట్టుంది, వెంటనే అంది. "పది మందిలో కూర్చుని అందరి మొహాలూ చూస్తూ ఉండటం నా వల్ల కాదు. మాట ఉన్నన్నాళ్లు చాలు." కాగితం తీసుకుని సంతకం పెట్టింది. ఆ "సు" నా వెనకవైపు ఉన్న అక్షరాల్లాగే గుండ్రంగా ఉంది.

బయట మంచినీళ్ల ఫిల్టరు దగ్గర హైమవతి ఒక్కతే కనబడినప్పుడు మాస్టారు అన్నాడు. నేను ఆమె చేతిలో ఉన్నాను.

"అమ్మా, అంతా తీసెయ్యమని చెప్పు. మాట పోతే పోనీ. ఇద్దరి తరఫునా నేనే మాట్లాడతాను. మనిషిని ఉంచండి."

"ఆవిడ సంతకం పెట్టారు మాస్టారూ."

"నాకు తెలుసు. నేను చూస్తూనే ఉన్నాను కదా." గొంతు తగ్గించి, "పై నుంచి మీరు ఏం చేసినా దానికి తెలీదమ్మా," అన్నాడు.

ఆమె నా రింగును వేలితో తిప్పుతూ నిలబడింది.

ఆ కేసు హైమవతి తన చేత్తో చెయ్యవలసింది. శిక్షణ ముగిసేలోగా అలాంటివి చేసి పుస్తకంలో రాసుకోవాలి. "నీ వంతు," అన్నాడు రాజుగారు.

"నేను మొహం దగ్గర కూర్చుంటాను సార్."

ఆయన ఎందుకని అడగలేదు. "సరే. మంచి చోటే," అన్నాడు.

ముందురోజు అరవై బొమ్మలూ చూపించింది. సుభద్రకు అన్నీ కంఠస్థం. "నా దస్తూరీతో నాకే పరీక్షా?" అంది. హైమవతి అట్టల వరస కలిపేసింది. కోడి వచ్చినప్పుడు సుభద్ర "ఇది కోడి. అని మా వారి నమ్మకం," అంది. కరుణ సిస్టర్ నవ్వు ఆపుకోలేకపోయింది.

మర్నాడు ఉదయం గుడ్డల పందిరి కింద వాళ్లిద్దరూ, మధ్యలో నేను. ఇది నిచ్చెన. ఇది గొడుగు. ఇది దువ్వెన. గొంతు తరగతిలో చెప్పినట్టే స్పష్టంగా ఉంది. పైన కణితి చాలావరకు వచ్చేసింది. గచ్చకాయంత ముక్క మిగిలింది. రాజుగారు అక్కడ కరెంటు తగిలించాడు. హైమవతి అట్ట తిప్పింది. కోడి.

"ఇది..." అంది సుభద్ర.

తర్వాత ఏమీ లేదు. పెదవులు తెరుచుకునే ఉన్నాయి. కళ్లు బొమ్మ మీదే ఉన్నాయి.

"ఏమంటోందమ్మా?" అని పై నుంచి రాజుగారు అడిగాడు. ఆయనకు మొహం కనబడదు. మొహం చూసేది ఒక్క హైమవతే. బొమ్మ బాగాలేదు సార్ అంటే సరిపోతుంది. ఆ మాట అబద్ధం కూడా కాదు. ఫిల్టరు దగ్గర మాస్టారు అడిగిన నాలుగైదేళ్లు ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఎర్రయ్య విషయంలో బొమ్మ తప్పును మెదడు తప్పనుకున్నారు. ఇప్పుడు మెదడు ఆగిపోవడాన్ని బొమ్మ మీదకు నెట్టేయవచ్చు. హైమవతి నోరు "కో" అన్నట్టు గుండ్రంగా తిరిగింది. అందించడానికి.

అందించలేదు.

"ఆగండి సార్. 'ఇది' వచ్చింది. పేరు రాలేదు. తెలీదని కూడా అనలేకపోతున్నారు."

కరెంటు తీశారు. సుభద్ర ఊపిరి పీల్చుకుంది. "ఇది కోడి," అంది. "ఒప్పుకున్నాను. కోడే."

అదే చోట ఇంకా రెండుసార్లు చూశారు. ఒకసారి పడవ, ఒకసారి తాళం. రెండుసార్లూ "ఇది" దగ్గరే ఆగింది. రాజుగారు అక్కడ నంబరు వేసిన చిన్న కాగితం ముక్క పెట్టి, ఇంక ఆ వైపు వెళ్లలేదు. కుట్లు వేయకముందు కరుణ సిస్టర్ అన్నీ లెక్కపెట్టింది. నేను అరవై.

బయట మాస్టారు హైమవతి మొహం చూసి తెలుసుకున్నాడు. "ఆపేశారా," అన్నాడు.

"ఆపమన్నాను మాస్టారూ."

ఆయన తల ఊపి అక్కడినుంచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం ఆమెతో అవసరమైన మాటలే మాట్లాడాడు. మందులు, తేదీలు, రిపోర్టులు.

సుభద్ర జూన్‌లో బడికి వెళ్లింది. హాజరు పిలిచింది. ఆసుపత్రికి పరీక్షకు వచ్చినప్పుడల్లా బడి సంగతులు చెప్పేది. తులసి ఇప్పుడు ఐదో తరగతట, ఇప్పటికీ అది కాకే అంటోందట. పదమూడు నెలలు అలా గడిచాయి. ఈలోగా హైమవతి శిక్షణ ముగిసింది. అదే ఆసుపత్రిలో డాక్టరుగా చేరింది. నా స్థానంలోకి ఒక ట్యాబ్ వచ్చింది. దాని బొమ్మలు ఫొటోలు. అందులో కోడి కోడిలాగే ఉంది. నేను సొరుగులోనే ఉండిపోయాను.

మిగిలిన ముక్క మళ్లీ పెరిగింది. ఇక తీయడానికి వీల్లేదు. మాట తగ్గడం మొదలైనప్పుడు మాస్టారు వచ్చి, ఇంటి దగ్గర సాధన చేయించడానికి నన్ను ఇమ్మని అడిగాడు. హైమవతి ఇచ్చింది.

విజయనగరం ఇంట్లో రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని నన్ను తీసేవాడు. మొదటి వారం నలభై చెప్పింది. తర్వాత ఇరవై రెండు. తర్వాత తొమ్మిది. మొదట్లో ఆయన ఓపికగా ఆగేవాడు, వరండాలో తిన్న చివాట్లు గుర్తున్నట్టు. తర్వాత ఆగలేకపోయాడు. "ఇది పడవ, సుభద్రా. అను, పడవ." ఆమె ఆయన పెదవులు చూసి "పడవ" అనేది. ఒకసారి చెయ్యెత్తి వేలు ఊపింది. అందించకండి అని. ఆయన అందిస్తూనే ఉన్నాడు. చివరకు అందించినా రావడం ఆగిపోయింది. "ఇది" ఒక్కటే మిగిలింది. ప్రతి బొమ్మకూ ఇది. మంచినీళ్లకూ ఇది. ఆయనకూ ఇదే.

ఒక మధ్యాహ్నం ఆయన ఊరికే అట్టలు తిప్పుతున్నాడు. అడగడం మానేసి చాలా రోజులైంది. కోడి వచ్చింది. ఆమె చెయ్యి చాపి ఆ అట్టను ఆపింది. చాలాసేపు చూసింది.

"ఇది," అంది. తర్వాత, "కాకి," అంది.

అని నవ్వింది. జబ్బు ఒక మాటకు బదులు ఇంకొక మాట పలికిస్తుందని డాక్టర్లు చెబుతారు. అది జబ్బు అన్న మాటో, ఆమె అన్న మాటో నేను చెప్పలేను. నవ్వు మాత్రం ఆమెదే. నా అట్టల వెనక పేర్లు రాస్తూ నవ్విన నవ్వే. మాస్టారు "తోక చూడు" అన్నాడు.

తర్వాత ఆమె మాట్లాడలేదు. పద్దెనిమిదో రోజున పోయింది.

రెండు నెలలు పోయాక మాస్టారు నన్ను ఆసుపత్రికి తెచ్చాడు. హైమవతి ఎదురుగా కూర్చుని, ఆ ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఆమె మొహం వైపు సరిగ్గా చూశాడు.

"ఆ రోజు నేనడిగింది మర్చిపో అమ్మా."

"మాస్టారూ..."

"దానికి తెలీదన్నాను కదా. తప్పు మాట. పదమూడు నెలలు నన్ను తిట్టింది, పిల్లల్ని తిట్టింది, కూరలో ఉప్పు లేదంది. ఆఖర్న కూడా నా బొమ్మని ఓ మాట అనే పోయింది. మీరు వదిలేసిన చోటు నుంచే వచ్చుంటుంది ఆ మాట."

ఆయన వెళ్లిపోయాక హైమవతి నన్ను పట్టుకుని థియేటర్ పక్క గదికి వచ్చింది. తిరిగి వచ్చిన ఏ వస్తువునైనా లెక్కపెట్టనిదే కరుణ సిస్టర్ సొరుగులో పెట్టదు. వేళ్లు తడి చేసుకుని ఒక్కొక్క అట్టా తిప్పింది. మళ్లీ మొదటి నుంచి తిప్పింది.

"ఒకటి తక్కువుంది మేడం. యాభై తొమ్మిదే ఉన్నాయి. కోడి లేదు."

హైమవతి నా రింగు చీటీ మీద అరవై కొట్టేసి యాభై తొమ్మిది అని రాసి, పక్కన పొడి అక్షరాలతో సంతకం పెట్టింది.

"లెక్క సరిపోయింది సిస్టర్," అంది.